బాపు దగ్గు

మొన్న జనగామ సర్కారు దవాఖాన వరండాలో నా పక్కన కూర్చున్న ముసలాయన కండువా విదిలిస్తే గుప్పున చుట్ట వాసన వచ్చింది. అందరూ ముక్కు మూసుకున్నారు, నేను మాత్రం కాస్త దగ్గరికి జరిగాను. అది మా బాపు వాసన.

బచ్చన్నపేట పక్కన మా ఊళ్లో వాన వెలిసిన పొద్దున లేచే మట్టి వాసన, పెనం మీద జొన్నరొట్టె, బతుకమ్మకు మా అమ్మ దంచే నువ్వుల పొడి, వీటన్నిటి మీదా బాపు చుట్ట పొగ పరుచుకునేది. అగ్గిపెట్టె దండగని అమ్మ కొననిచ్చేది కాదు. బాపు అరుగు మీంచి కేకేస్తే, అచ్చనగాయలాటలో ఉన్నా సరే లేచి, పొయ్యిలోంచి పట్టకారుతో నిప్పు తెచ్చివ్వడం నా పని.

అవి దొరల మీద ఊళ్లు తిరగబడ్డ సంఘం రోజులు. దొర ఉండే గడి నుంచి తుపాకులతో మనుషులు వస్తున్నారంటే మగవాళ్లంతా జొన్నచేన్లలో దాక్కునేవారు. దొరికినవాడు బతికి బయటపడేవాడు కాదు. ఒకనాడు మా ఊరి సంఘం పెద్ద మా అరుగు మీద కూర్చుని, తలెత్తకుండానే అన్నాడు: "అన్నా, నీ దగ్గుతోని అందరం దొరుకుతం. ఇగ మాతోని రాకు." గడివాళ్లు మళ్లీ వస్తే ఊళ్లో మగవాళ్లలో బాపు ఒక్కడే మిగులుతాడని నాకు తెలిసిపోయింది.

మర్నాడు బాపు నన్ను వెంటబెట్టుకుని జనగామ నడిచాడు. దగ్గుమందు ఇమ్మంటే డాక్టర్ సాబ్ ఛాతీకి గొట్టం పెట్టి విన్నాడు. "చుట్ట మానకుంటె ఏ మందూ పనిచెయ్యది. నిప్పు ఎవరు తెచ్చిస్తరు?" బాపు నన్ను చూపించాడు. డాక్టర్ సాబ్ నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, లేదనకు. తెస్త అను. ముందుగాల చెంబెడు నీళ్లియ్యి, జరసేపు ఆడుకో. మళ్ల అడిగితె మళ్ల నీళ్లే. ఆ జరసేపు గడిస్తె మనసు గుంజుడు తగ్గుతది."

తొలి రోజుల్లో ఇల్లు నరకమే. బాపు చెంబు విసిరికొట్టేవాడు, ఒకసారి నా చెంప ఛెళ్లుమనిపించాడు. అయినా నీళ్లే ఇచ్చాను. కానీ ఒక మధ్యాహ్నం గొడ్లకొట్టంలో తల పట్టుకుని ఏడుస్తుంటే చూడలేక నిప్పు తెచ్చిచ్చాను. మళ్లీ జనగామ పోయినప్పుడు ఆ సంగతి చెబుతూ వెక్కివెక్కి ఏడ్చాను.

"ఒక్కనాడు తప్పితె అంత పాడైనట్టు కాదు బిడ్డా. రేపటిసంది మళ్ల షురూ చెయ్యి," అన్నాడు డాక్టర్ సాబ్. బాపు తలదించుకున్నాడు. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ నిప్పు అడగలేదు.

కంకులు గింజ పట్టే వేళకు దగ్గు సన్నగిల్లింది. సంఘం పెద్ద తానే వచ్చి పిలుచుకుపోయాడు. గడివాళ్లు వచ్చిన పొద్దున బాపు అందరితోపాటు చేన్లో బోర్లా పడుకుని, బూట్ల చప్పుడు గట్టు దాటిపోయేదాకా తలరుమాలు నోట్లో కుక్కుకున్నాడట. అందరూ ఇల్లు చేరారు.

ఆ మాట చెప్పాలని కొత్త జొన్నలు మూటగట్టుకుని జనగామ పోతే దవాఖానకు తాళం వేసి ఉంది. సంఘపోళ్ల గాయాలకు కట్లు కట్టాడని ఆయన్ని పట్టుకుపోయారట. "మళ్ల రాలే," అంది పక్కింటామె. బాపు జొన్నల మూట ఆ మెట్ల మీదే దించాడు.

ఇప్పుడు మా వైపంతా పత్తే. మనిషి దాగేంత జొన్నచేను ఎక్కడా కనబడదు. ఆ వీధిలో ఆ దవాఖానా లేదు. బాపు నా బిడ్డ పెళ్లి కూడా చూసి పోయాడు. బతికించినాయనకు, బతికాడన్న మాట మేం చెప్పుకోలేకపోయాం. సాబ్ అని పిలవడమే తప్ప, ఆయన పేరైనా అడగలేదు.