శనక్కాయల మధ్య నర్సమ్మ

నేను బడికి పోలేదు. నాయన ఇంట్లోనే ఇసుకలో అక్షరాలు దిద్దించినాడు. ఆయన పుణ్యాన, అనంతపురంలో మా సందులో ఏ కాగితమొచ్చినా చదివి చెప్పే పని నాదయింది. ఆ ఏడు పెద్దాసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చి, వారానికొకసారి రోగుల్ని చూసేదానికి చోటు అడిగితే మా వసారా ఇచ్చినాను. ఆమె స్తంభానికి బోర్డు తగిలించింది. "మానసిక వైద్యం, ప్రతి గురువారం" అని నేనే గట్టిగా చదివినాను. వసారాలో కూర్చున్న ఆడోళ్లు కొంగులు సర్దుకోని లేచిపోయినారు.

"పిచ్చి మందులిచ్చే చోట కూసున్నామంటే మా పిల్లనెవరు చేసుకుంటారక్కా?"

కొన్ని వారాలు నర్సమ్మ ఒక్కతే కూర్చొని పోయింది. మిగతా దినాల్లో అదే వసారాలో శనక్కాయలు ఒలిచేవాళ్లం. సావుకారు విత్తనాల కోసం మూటలు దించిపోయేవాడు. విడపనకల్లు నుంచి కూలికొచ్చినోళ్లు, మడకశిర దిక్కు కన్నడమోళ్లు, పక్కింటి సాయిబుల అవ్వ, అందరూ చేటలు ముందేసుకోని కూర్చునేవారు.

"బోర్డు తీసేస్తే గురువారం గూడా అందరూ వస్తారు. మాతోపాటు కాయలొలువు నర్సమ్మా," అన్నాను.

ఆమె నవ్వి బోర్డు తీసేసింది, మళ్లీ గురువారం చెప్పులిడిచి వచ్చి మా మధ్య కూర్చుంది.

"నీ చేతిలో పప్పులన్నీ పగులుతాండాయి తల్లీ. పగిలింది మొలుస్తాదా? నీ సూదుల పని చూసుకో పో!" అని అవ్వ ఎగతాళి చేసింది.

కళ్లు చేట మీద ఉంటే ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. అందుకేనేమో, అంతకుముందు ఎవరూ చెప్పని మాటలు ఆ గురువారాల్లో బయటికొచ్చినాయి.

మా సందు చివరి గదిలో మడకశిర దిక్కు పిల్ల ఒకతె ఉండేది. మొగుడు మార్కెట్లో మూటలు మోసేవాడు. కాన్పయినంక ఆ పిల్లకు నిద్ర పట్టేది కాదు, బిడ్డను ముట్టుకోవాలంటే వణికేది. అత్త బిడ్డను ఊరికెత్తుకోని పోతూ, "మతి బాగయితే తెచ్చిస్తా. ఉగాది దాటినంక వచ్చి చూస్తా," అని చెప్పింది. నర్సమ్మ ఆ పిల్లను పెద్దాసుపత్రి డాక్టరుకు చూపించి మాత్రలిప్పించింది. మెల్లగా మొహం తేటపడింది. స్వామీ, నీ దయ, అనుకున్నాను.

ఉగాది ఇంకా రాకముందే మళ్లీ పాత మొహమే. మాతో కాయలొలిచేదానికి కూర్చోని, పప్పుల్ని పొట్టు కుప్పలో వేసేది, పొట్టును చేటలో వేసేది. పక్కనున్నోళ్లు పొట్టులో పప్పులేరి ఆమె చేటలోనే వేసేవాళ్లు.

"మాత్రలేసుకుంటాండావా?" అని నర్సమ్మ అడిగితే ఆ పిల్ల తల దించుకుంది.

"బిడ్డ వచ్చేదాకా ఒక్కపొద్దు మొక్కుకున్నానమ్మా. పొద్దుగూకినంకనే ఒక ముద్ద. మాత్రేమో పొద్దున్నే అంటిరి. నడిమధ్యలో నోట్లో ఏదన్నా పడితే మొక్కు చెడదా?"

మాత్రలన్నీ గుడ్డలో కట్టి స్వామి పటం వెనక పెట్టిందంట. నేనూ శనివారాలు ఒక్కపొద్దుండేదాన్నే. మొక్కు మానుకో అని నా నోటితో ఎట్ల చెప్పేది? అవ్వే అందుకుంది.

"మా రోజాల్లో గూడా రోగమున్నోళ్లను అల్లా బలవంతం చేయడు బిడ్డా. మీ స్వామి అంతకన్నా కఠినమా ఏమి?"

"కాదవ్వా," అన్నాను. నా కళ్లు చెమర్చినాయి.

నర్సమ్మ డాక్టరునడిగి మాత్రను మాపటి అన్నానికి మార్పించింది. "దీపం ముట్టించి, మాత్ర స్వామి ముందర పెట్టి, దండం పెట్టుకోని మింగు. ప్రసాదమనుకో," అని నేను చెప్పినాను. కొన్నాళ్లు పొద్దుగూకేసరికి ఆ గదికి పోయి పక్కనే కూర్చున్నాను.

ఉగాది దాటినంక ఒక గురువారం అత్త బిడ్డను చంకనేసుకోని దిగింది.

"యాడుండాది నా కోడలు?"

నేను ఆ పిల్ల దిక్కు చూపించినాను. అత్త వంగి కోడలి చేటలోకి చూసింది. పప్పులు పప్పులుగా, పొట్టు పొట్టుగా ఉండాయి. ఆ పిల్ల లేచి కాళ్లూచేతులూ కడుక్కోని వచ్చి, ఏమీ అడక్కుండా చేతులు చాచింది. చేతులు వణకలేదు. బిడ్డ కొత్త మొహం చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఆ పిల్ల భుజానేసుకోని వసారా ఆ మూలకూ ఈ మూలకూ తిరుగుతా, కన్నడంలో ఏదో సన్నగా చెప్తా ఉండింది. మేమంతా కాయలొలవడం మరిచి అట్లే చూస్తుండిపోయినాము. ఏడుపు వెక్కిళ్లయింది, వెక్కిళ్లు నిద్రయినాయి.

"బిడ్డ ఇంక ఈడనే ఉండనీ," అంది అత్త, కొంగుతో మొహం తుడుచుకుంటా. కోడలి చేట తన ముందరికి లాక్కోని కాయలొలవడం మొదలుపెట్టింది. కొంచెం సేపయినంక తలెత్తకుండానే నర్సమ్మనడిగింది:

"నాక్కూడా నిద్ర పట్టదమ్మా, మా ఆయన పోయినకాడ్నించి. దానికీ మందుండాదా?"

నర్సమ్మ కాస్త జరిగి ఆమె పక్కన కూర్చుంది.