మేకుకు వేలాడిన బ్యాడ్జి

పొద్దున్న పాత విద్యార్థి ఒకడు ఫోన్‌కి వార్త పంపాడు. వందల కోట్ల ఏళ్ల కిందట ఎక్కడో ఓ భారీ నక్షత్రం కూలిపోయిందట, అప్పుడు చిమ్మిన గామా కిరణాలు ఇప్పుడొచ్చి మన ఉపగ్రహానికి తగిలాయట. 'మీరు చెప్పిన పాఠమే సార్' అని కింద ఓ దండం బొమ్మ. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడు మురిసిపోవాలి. నాకు ఒళ్లు మండింది. గామా అంటే నాకు మా బావే గుర్తొస్తాడు.

బావంటే అక్క మొగుడు, భీమిలి మనిషి. పైపుల వెల్డింగు అతుకుల్లో లోపాలు పట్టడానికి గామా కిరణాలతో ఫోటోలు తీసే ఓ కాంట్రాక్టరు దగ్గర పని. పెళ్లి ఫోటోలు తీసుకుంటే భోజనమైనా పెడతారు కదా అని ఏడిపించేవాళ్లం. ఒంటికి ఎంత గామా తగిలిందో కొలిచే బ్యాడ్జి ఒకటి చొక్కాకు పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకు పంపుతారు, హద్దు దాటితే ఆ పని మాన్పిస్తారు. అందుకని పనికెళ్లేటప్పుడు వాళ్లంతా బ్యాడ్జి ఇంట్లో వదిలేసి వెళ్లేవారు. బావది అక్క వంటింట్లో, క్యాలెండరు పక్క మేకుకు, పోపు పొగ పీలుస్తూ వేలాడేది.

"ఇదేటి బావా, నీకు తగిలింది దీనికెలా తెలుస్తాది?" అన్నానొకసారి.

"దీనికి తెలిస్తే నా పని పోద్ది మాస్టారూ" అన్నాడు. నవ్వాను. అంత చదువు చదివిన వెధవని, నవ్వి ఊరుకున్నాను.

ఓ ఆదివారం, జాలరిపేట నుంచి తెచ్చిన వంజరం చేప పులుసు తిన్నాక, "ఆకాశంలో కూడా గామా పేల్తాదంట కదా?" అని అడిగాడు. ఇంకేముంది, నాకు పూనకం వచ్చింది. పెద్ద నక్షత్రం నడిబొడ్డు మండి మండి చివరికి ఇనుమవుతుందనీ, ఇనుము మండితే శక్తి రాదనీ, దాంతో తన బరువుకు తానే లోపలికి కూలి కృష్ణబిలమవుతుందనీ చెప్పాను. గిర్రున తిరుగుతూ అందులో పడే పదార్థం నుంచి రెండు ధారలు పుట్టి, నక్షత్రాన్ని చీల్చుకుని రెండు కొసల నుంచీ చిమ్ముతాయనీ, గామా మెరుపు అలాగే పుడుతుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారనీ, ఆ ధార మనవైపు తిరిగి ఉంటేనే మనకు కనిపిస్తుందనీ ఊదరగొట్టాను. బావ శ్రద్ధగా విన్నాడు.

"ఎదురుగా నిలబడ్డోడికే తగుల్తాదన్నమాట. మా పనీ అంతే" అన్నాడు. నేను దానికీ నవ్వాను.

కొన్నేళ్లకు బావకు రక్తంలో జబ్బొచ్చింది. పోయాడు. పని వల్లే పోయాడని ఒక్క ముక్క రాసిమ్మని అడగడానికి అక్క కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లింది, తోడు నేను. గుమస్తా బ్యాడ్జిల రిజిస్టరు తిరగేసి, "మీ ఆయనకేటీ తగల్లేదమ్మా. అన్నీ సున్నాలే" అన్నాడు మర్యాదగా. బ్యాడ్జి వంటింట్లో ఉండేదని చెబితే తప్పు బావదేనంటారు. చెప్పకపోతే జబ్బు దానంతటదే వచ్చిందంటారు. అక్కను లేపి బయటికి తీసుకొచ్చాను.

పూర్ణా మార్కెట్ దగ్గర ఆటో దిగాక అక్క అంది, "ఆయనకంటే తెల్దు, నాకూ తెల్దు. నువ్వు సదువుకున్నోడివి కదరా."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

ఎన్నడో కూలిన నక్షత్రం ఎందుకు కూలిందో చెప్పడానికి నాకు ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. ఆ బ్యాడ్జి పెట్టుకుని వెళ్లు బావా అని అనడానికి మాత్రం అన్నేళ్ల ఆదివారాలు చాల్లేదు.