అంగడిలో పెట్టిన చివరి చీటీ

ఎండు చేపల వాసన వచ్చే చోట నేను నిలబడలేను. ఇంట్లో వాళ్ళు నాకు ఆ వాసన పడదనుకుంటారు. మా అమ్మ చింతపండు పోసి వండిన ఎండు పరక చేపల పులుసుతో పెరిగినవాణ్ణి, పడకపోవడమేమిటి? కానీ వాళ్ళు అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉంది కాబట్టి ఎప్పుడూ సరిదిద్దలేదు. ఆ వాసన వెంట ఒకామె చూపు వస్తుంది. ఏళ్ళ తరబడి దాన్ని మోస్తున్నాను. దించుకునే చోటు దొరక్క మీ దగ్గర దించుతున్నాను. నా పేరు మీకు అక్కర్లేదు. మీ పేరు నేనూ అడగను.

అప్పట్లో నేను మెదక్‌లో సెల్‌ఫోన్ కనెక్షన్లు అమ్మే ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. ప్రైవేటు కంపెనీలు చిన్న పట్టణాలకు కూడా వచ్చి రంగుల బోర్డులు పెడుతున్న రోజులు. టై కట్టుకొని కిరాయి గదిలోంచి బయటికొస్తే హోటల్లో చాయ్ తాగేవాళ్ళు కుర్చీ జరిపేవాళ్ళు. అదే కాలంలో చౌరస్తాలో తెలంగాణ కోసం దీక్షా శిబిరం నడిచేది. పగలంతా సిమ్‌కార్డులు అమ్మి, సాయంత్రం టై విప్పి జేబులో కుక్కుకొని ఆ శిబిరంలో కూర్చునేవాణ్ణి. మన మాట మాట్లాడడానికి మనమెందుకు సిగ్గుపడాలని అక్కడ ఎవరైనా అంటే అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఈ సంగతి ఊరికే చెప్పడం లేదు. తర్వాత దీన్ని వాడుకున్నాను.

ఆఫీసులో నరేన్ అని ఒకడుండేవాడు. నాకంటే చిన్నవాడు, నా తర్వాత చేరినవాడు. నలగని చొక్కా, బ్యాగులో ఎప్పుడూ ఒక సెంటు సీసా, మాటకో ఇంగ్లిష్ ముక్క. వాళ్ళ నాన్నకు హైదరాబాద్‌లో వ్యాపారమని చెప్పుకునేవాడు. కనుబొమ్మ మీద ఉన్న గాటు క్రికెట్ బంతి తగిలి పడిందనేవాడు. ఒకరోజు నేను ఫోన్‌లో ఒక కస్టమర్‌తో, మా పిలగాడు వస్తుండు, జర ఆగుండ్రి అన్నాను. ఫోన్ పెట్టగానే నరేన్ అందరి ముందూ నవ్వుతూ, కస్టమర్ దగ్గర మనం అలా మాట్లాడకూడదు బాస్ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు అరగలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, మాలో ఒకరిని హైదరాబాద్ ఆఫీసుకు తీసుకుంటారన్న మాట బయటికి వచ్చింది. అయితే నేను, లేకపోతే నరేన్.

ఇక లచ్చవ్వ. వారానికోసారి జరిగే అంగడి రోజున శివ్వంపేట వైపు నుంచి గంప ఎత్తుకొని బస్సులో వచ్చి, గోనెసంచి పరిచి ఎండు చేపలు కుప్పలు పోసేది. ఎల్దుర్తిలో ఉండే మా అమ్మకు ఆమె దగ్గరి పరకలే కావాలి. అందుకని నేను కొని పంపేవాణ్ణి. అంగడికి కూడా టై విప్పే పోయేవాణ్ణి. నేను అవ్వా అంటే ఆమె బిడ్డా అనేది. మీ అమ్మ మంచిగున్నదా అని అడిగి, మా అమ్మ కోసమని పిడికెడు కొసరు వేసేది. బేరాలు లేని ఒక మధ్యాహ్నం ఆమె తన కొడుకు గురించి చెప్పింది. పేరు నర్సింలట. ఇదే ఊళ్ళో ఫోన్ల కంపెనీలో పెద్ద నౌకరి. చిన్నప్పుడు చేపల గంప దించబోయి మీద వేసుకుంటే కనుబొమ్మ చీరిందని, ఆ గాటు ఇప్పటికీ ఉందని, తనే వేలితో తన కనుబొమ్మ మీద గీసి చూపించింది. దోస్తులకు తెలిస్తే వాడు పరేషాన్ అవుతాడు, ఎవరికీ చెప్పకు బిడ్డా అంది. నేనెక్కడ పనిచేస్తానో ఆమెకు తెలియదు. తెలిస్తే చెప్పేది కాదు.

చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. నరేన్ ఇంగ్లిష్ ముక్క విసిరినప్పుడల్లా మనసులో నర్సింలూ అనుకొని ఊరుకునేవాణ్ణి. చెప్పకుండా ఉన్నందుకు నన్ను నేను మంచివాణ్ణి అనుకునేవాణ్ణి కూడా.

అప్పుడు వచ్చింది ఈ ఆట. సిబ్బందిలో కలుపుగోలుతనం పెరగాలని పైవాళ్ళు ట్రెజర్ హంట్ పెట్టమన్నారు. జట్లుగా విడిపోయి, ఒక చోట దొరికిన చీటీని బట్టి ఇంకో చోటికి పోతూ, చెప్పిన వస్తువులు సంపాదించుకొని రావాలి. ముందు హైదరాబాద్ పక్కన ఏదో రిసార్టు అనుకున్నారు. బందులు, రాస్తారోకోలు. ఏ రోజు బస్సు తిరుగుతుందో, ఏ రోజు తిరగదో తెలియదు. ఊళ్ళోనే కానిద్దామని మా మేనేజర్ అన్నాడు. నువ్వు ఇక్కడివాడివి కదా, చోటు నువ్వే చూడు అని నా మీద పెట్టాడు. ఎవరు ఎలా ఆడతారో తను గమనిస్తానని కూడా అన్నాడు. ఆ మాట అర్థం నాకూ నరేన్‌కూ తెలుసు.

చెరువు కట్ట అనుకున్నాను. చర్చి మైదానం అనుకున్నాను, ప్రార్థనలకు వచ్చేవాళ్ళకు ఇబ్బందని మానేశాను. ఖిల్లా అయితే బాగుంటుందన్నాను. మెట్లు, బురుజులు, చీటీలు దాచడానికి కావలసినన్ని సందులు. మేనేజర్ సరే అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే మీకిప్పుడు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ ఆలోచన ఎప్పుడు వచ్చింది? నిజంగా నాకు గుర్తులేదు. కోపంలో వచ్చిందని చెప్పుకుంటే కొంత నయంగా ఉంటుంది, కానీ కోపంలో రాలేదు. ఖిల్లాలో తిరిగి ఏ చీటీ ఎక్కడ పెట్టాలో చూసుకొని దిగి వస్తూ, ఆట జరిగేది అంగడి రోజేనని లెక్క చూసుకున్నాను. అంతే. మరునాడు మేనేజర్ దగ్గరికి పోయి, చివరి మజిలీ అంగడిలో పెడదాం సార్, మన కస్టమర్లు అక్కడే ఉంటారు, వాళ్ళతో మనవాళ్ళు ఎలా మెలుగుతారో కూడా తెలుస్తుంది అన్నాను. అతను నా భుజం తట్టాడు. చివరి వస్తువును జట్టు నాయకుడే స్వయంగా కొని తేవాలన్న నియమం కూడా నేనే పెట్టాను. నరేన్ ఒక జట్టుకు నాయకుడు. మిగతా అందరికీ ఆట మొత్తం ఖిల్లాలోనే అని చెప్పాము. ఆటలో చోట్లు ముందే చెప్పరు కదా.

చివరి చీటీలో, నీళ్ళు లేని చోట దొరికే చేప తీసుకురండి అని రాశాను. అంగడిలో ఎండు చేపలు అమ్మేది లచ్చవ్వ ఒక్కతే.

ఎండ ముదరకముందే ఆట మొదలుపెట్టించి, నేనూ మేనేజరూ ముందుగా అంగడికి వచ్చి కూరగాయల వరస పక్కన నిలబడ్డాం. లచ్చవ్వ అప్పుడే సంచి పరిచి కుప్పలు సర్దుతోంది. అందరికంటే ముందు వచ్చింది నరేన్ జట్టే. నవ్వుకుంటూ, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వచ్చారు. వాసనకు ఒకడు ముక్కుకు కర్చీఫ్ పెట్టుకున్నాడు. వాళ్ళ వెనక నరేన్ నడక మెల్లగా అయిపోయింది. మీరే పోవాలి, నాయకుడే కొనాలి అని వాళ్ళు అతన్ని ముందుకు నెట్టారు.

నేనేమనుకున్నాను? తిరిగి వెళ్ళిపోతాడు, లేదా ఆమె నర్సింలూ అని పిలుస్తుంది. రెండిట్లో ఏదో ఒకటి అవుతుందనుకున్నాను. లచ్చవ్వ తలెత్తింది. కొడుకును చూసింది. వెనకున్న టైలను చూసింది.

"ఏం గావాలె సారు?" అంది.

నరేన్ గొంతు సవరించుకున్నాడు. "కొంచెం చేపలు కావాలండి."

"పరకలియ్యాల్నా, రొయ్యలియ్యాల్నా?"

"ఏవైనా పర్వాలేదండి."

ఆమె పరకలు కాగితంలో పొట్లం కట్టింది. అతను జేబులోంచి నోటు తీసి, ఇవ్వాలో వద్దో తెలియనట్టు చేతిలోనే పట్టుకొని నిలబడ్డాడు. డబ్బు తీసుకోకుండా పొట్లం ఇచ్చేస్తే వెనకున్నవాళ్ళు ఏమనుకుంటారో ఆమెకు అతని కంటే ముందే తట్టినట్టుంది.

"ఇయ్యుండ్రి సారు. బోణి బేరం, వట్టిగ ఇయ్యరాదు."

నోటు తీసుకుంది. పొద్దున మొదటి బేరం డబ్బులకు ఎవరైనా చేసినట్టే రెండు కళ్ళకూ అద్దుకుంది, గంప అంచుకు తాకించింది. కళ్ళకు అద్దుకోవడం మాత్రం కొంచెం ఎక్కువసేపు అయింది.

"మంచి చెయ్యి సారు మీది. పిల్లజెల్లతోటి సల్లగ ఉండుండ్రి."

నరేన్ థ్యాంక్సండి అన్నాడు. కన్నతల్లికి. జట్టువాళ్ళు చప్పట్లు కొట్టారు. కస్టమర్‌తో ఎంత మర్యాదగా మాట్లాడాడో చూశావా అని మేనేజర్ నాతో అన్నాడు. చూశాను సార్ అన్నాను. అప్పుడే లచ్చవ్వ మా వైపు తిరిగింది. నన్ను పోల్చుకుంది. నా టై మీదికి, పక్కనున్న మేనేజర్ మీదికి, మళ్ళీ నా ముఖం మీదికి ఆమె చూపు వచ్చి ఆగింది. కోపం ఉందా అంటే లేదు. ఎవరికీ చెప్పకు బిడ్డా అన్న మనిషి, చెప్పినంత పని చేసినవాణ్ణి చూసింది. తర్వాత తల దించుకొని ఈగలు తోలుకుంది.

నేను నరేన్‌ను లెక్క వేసుకున్నాను కానీ ఆమెను వేసుకోలేదు. ఆమె అంత తెలివిగా, అంత తొందరగా కొడుకును కాపాడుకుంటుందని నాకు తోచలేదు. నాకు మా అమ్మ లేదా? ఎందుకు తోచలేదు?

ఆ సాయంత్రం భోజనాలయ్యాక నరేన్ నన్ను పక్కకు పిలిచాడు. అప్పటిదాకా నాతో ఎప్పుడూ మాట్లాడని యాసలో అడిగాడు.

"అంగడిల పెట్టుమని ఎవలు చెప్పిండ్రన్నా?"

బాస్ అనలేదు, అన్నా అన్నాడు. అప్పుడు చెప్పి ఉండవచ్చు. "పైనుంచి వచ్చింది, నాకేం ఎరుక" అన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు. సెంటు వాసన రాలేదు ఆ రోజు. చేపల పొట్లం ఇంకా అతని చేతిలోనే ఉంది.

తర్వాత చాలాకాలం నాకు నేను ఒక వాదన చెప్పుకున్నాను. నేను అబద్ధం ఆడలేదు, ఆడింది అతను. నేను ఒక చోటు ఎంచుకున్నాను, అంతే. తల్లిని చూసి, తన మాటను చూసి సిగ్గుపడేవాడికి బుద్ధి చెప్పాను. ఆ రోజుల్లో శిబిరంలో కూర్చొని ఈ వాదనను మెరుగు పెట్టుకున్నాను, అక్కడి మాటలు దానికి చక్కగా సరిపోయేవి. అంత పెద్ద పోరాటం చాటున నా చిన్న అసూయను కూర్చోబెట్టాను, ఎవరూ పట్టుకోలేదు. కానీ పైనుంచి వచ్చింది అన్న మాట దగ్గర ఆ వాదన ప్రతిసారీ ఆగిపోయేది. అబద్ధం నేనూ ఆడాను. అతను ఇంటి బీదతనాన్ని దాచుకోవడానికి ఆడాడు. నేను నన్ను దాచుకోవడానికి ఆడాను.

హైదరాబాద్ నౌకరి నరేన్‌కే వచ్చింది. మేనేజర్‌కు ఆ అంగడి మర్యాద బాగా నచ్చింది మరి. నాకు నవ్వొచ్చే విషయమే, నవ్వలేకపోయాను. ఆ తర్వాతి అంగడికి లచ్చవ్వ రాలేదు. ఆమె చోటులో ఎవరో గాజులు పెట్టుకున్నారు. నరేన్ ఇప్పటికీ దసరాకు ఫోన్ చేస్తాడు, అన్నా అనే పిలుస్తాడు. మెదక్ దూరమవుతోందని వాళ్ళమ్మ అంగడి తూప్రాన్‌కు మార్చుకుందని ఒకసారి మాటల్లో తనే చెప్పాడు. అమ్మ ఏం అమ్ముతుందో కూడా దాచకుండా చెప్పాడు, నేను మొదటిసారి విన్నట్టు విన్నాను. అంటే ఆమె నా సంగతి కొడుక్కి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నా మీద దయతోనా, కొడుక్కి ఉన్న ఒక దోస్తును పోగొట్టడం ఇష్టంలేకనా? అడిగే హక్కు నాకు లేదు.

రాష్ట్రం వచ్చాక ఒకసారి పనిమీద తూప్రాన్ పోయాను. అంగడి రోజు. వాసనను బట్టే పోయి ఆమె ముందు నిలబడ్డాను. జుట్టు నెరిసింది, చేతులు అవే. చెప్పాలనే పోయాను, దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆమె తలెత్తి చూసింది. మరిచిపోయి ఉంటుందని ఒక్క క్షణం ఆశపడ్డాను. మరిచిపోలేదు.

"ఏం గావాలె సారు?" అంది.

ఆ రోజు కొడుకును అడిగిన మాటే. కొడుకును కాపాడుకోవడానికి అన్న మాట, నన్ను దూరం పెట్టడానికి అంది. పరకలు అవ్వా అన్నాను. కట్టి ఇచ్చింది. ఎవరికైనా వేసినట్టే పిడికెడు కొసరు వేసింది. మా అమ్మ గురించి అడగలేదు. అమ్మ అప్పటికే పోయింది, ఆమెకు తెలియదు. డబ్బులిచ్చి, పొట్లం పట్టుకొని, కూర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా అనకుండా వచ్చేశాను.

ఇంతే సంగతి. ఇది నరేన్‌కు చెప్పలేదు, నా భార్యకు చెప్పలేదు. లచ్చవ్వకు చెప్పనక్కర్లేదు, మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ చోటు ఎంచింది నేను, పైనుంచి రాలేదు. ఇన్నేళ్ళలో ఈ మాట రాయడం ఇదే మొదలు. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమె నన్ను మళ్ళీ బిడ్డా అని మాత్రం పిలవదు.