మిణుకుమనని విమానం

పాత వీడియో గేమ్ ఆడుతుండగా రికార్డు చెయ్యమంటే చాలామంది ఫోన్ తీసి టీవీకి ఎదురుగా పెడతారు. తెర మీద నల్లటి పట్టీలు పాకుతుంటే, పాతది కదండీ, అలాగే ఉంటుంది అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. గేమ్ పెట్టె వెనక బొమ్మ వచ్చే పసుపు పిన్ను శుభ్రంగా తుడిచి, మంచి వైరు వేసి, నేరుగా కంప్యూటర్లో బొమ్మను పట్టే క్యాప్చర్ కార్డులోకి తెస్తే ఎంత పాత బొమ్మయినా కడిగిన ముత్యంలా వస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర నాది పెళ్లి వీడియోల షాపు. బూజు పట్టిన క్యాసెట్లలోంచి ఎన్ని పెళ్లిళ్లు బతికించానో!

అందుకే అక్క నా దగ్గరికి వచ్చింది. అక్క మంగళగిరిలో లెక్కల టీచరు. ఆవిడ పరీక్ష హాల్లోకి వస్తే చీటీలు వాటంతటవే కిటికీలోంచి దూకుతాయని పేరు. చిన్నప్పుడు ఓ వేసవిలో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, విమానాల ఆట ఆఖరి స్టేజి దాటానని అప్పట్లో చెప్పింది. పెదనాన్నగారి అబ్బాయిలిద్దరూ నమ్మలేదు. ఇప్పటికీ ఏ పెళ్లిలో కలిసినా ఆ మాటెత్తి నవ్వుతారు. ఈసారి అందరికీ చూపించాలని అక్క పంతం పట్టింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం షాపులో కూర్చుని ఆడి, గెలిచింది. నేను రికార్డు చేశాను. ఆడుతున్నంతసేపూ నా ధ్యాసంతా రంగుల మీదే. వీడియో గర్వంగా ఇంటి గ్రూపులో పెట్టాను.

గంటలో పెదనాన్నగారి పెద్దబ్బాయి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మూడో స్టేజి చూశావా? గుళ్లు విమానంలోంచి దూరిపోతున్నా దానికేం అవట్లేదు. పెళ్లికొడుకు బట్టతల మీద జుట్టు మొలిపించేవాడివి, అక్క కోసం ఆమాత్రం చెయ్యలేవా!"

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. కోపంగా వీడియో తెరిచాను. నేనేమీ మార్చలేదు గానీ, గుళ్లు దూరిపోతున్న మాట నిజమే. వెంటనే అక్కకి ఫోన్ చేసి, "నిజం చెప్పక్కా, గుళ్లు తగలకుండా చీట్ కోడ్ ఏమన్నా కొట్టావా?" అని అడిగేశాను.

"సరేరా," అని అక్క ఫోన్ పెట్టేసింది.

మర్నాడు షాపులో పాత టీవీ పెట్టి నేనే ఆడి చూశాను. మూడో స్టేజిలో పచ్చ బిళ్ల తీసుకోగానే విమానం మిణుకుమిణుకుమంది. ఆ కాసేపూ దానికి గుళ్లు తగలవు. చిన్నప్పుడు మాకందరికీ తెలిసిందే, మరిచిపోయాం. మరి నా రికార్డులో ఆ మిణుకు ఏది? ఆ పెట్టె సెకనుకు యాభై బొమ్మలు పంపుతుంది. బిళ్ల తీసుకున్నాక ఒక బొమ్మలో విమానం ఉంటుంది, తర్వాతి దాంట్లో ఉండదు. నేనేమో పెళ్లిళ్లకు పెట్టే ఇరవై ఐదు మీదే ఉంచేశాను. ఒకటి విడిచి ఒకటి ఎక్కింది. విమానం లేని బొమ్మలన్నీ పోయాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగ నేనే.

తప్పు నాదని గ్రూపులో రాసి, బస్సెక్కి మంగళగిరి వెళ్లాను.

"వాళ్లు అనడం నాకు కొత్తేం కాదు. నువ్వు అడిగావు చూడూ!" అంది అక్క. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అయినా తర్వాతి ఆదివారం అక్క షాపుకి వచ్చింది. సెకనుకు యాభై పెట్టాను. మళ్లీ గెలిచింది. గ్రూపులో పెట్టబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ముందు నువ్వు చూడు. మొదటినుంచీ."

చూశాను. పరీక్ష హాల్లోలాగా అక్క నా వెనకే నిలబడింది. మూడో స్టేజిలో విమానం చక్కగా మిణుకుమంది.

"కనిపించిందా?"

"కనిపించిందక్కా."

"మరి చిన్నప్పటి గెలుపో?"

దానికి ఏ రికార్డూ లేదు. ఇన్నేళ్లలో వాళ్లు నవ్వినప్పుడల్లా నేనూ నవ్వానని అప్పుడు గుర్తొచ్చింది.

"అప్పుడూ గెలిచావక్కా," అన్నాను.