ఆఖరి మోటారు

విలేకరిగా ఎన్ని వేసవులు గడిచినా కరెంటు కోత గురించి నేను రాసిన వార్త ఒకటే: సరఫరాకు అంతరాయం, వినియోగదారుల ఇక్కట్లు. ఊరి పేరు మార్చి పంపించేవాణ్ణి. ఈ ఏడు ఆ పని మీద కూడా విసుగు పుట్టింది.

మా అక్క భర్తకు దరియాలతిప్పలో రొయ్యల చెరువుంది. కిందటి పంట తెగులుకు పోయింది. ఈ పంట చేతికొస్తే చెరువు వదిలేసి ఇంట్లో కూర్చుంటానన్నాడు. రొయ్యలు పట్టడానికి ఇంకో వారం ఉంది. ఆ రోజు పొద్దుటినుంచీ మబ్బు. ఎండ లేకపోతే చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, నీళ్ళు చిలికి గాలి కలిపే చక్రాలు, ఏరియేటర్లు, తిరుగుతూనే ఉండాలి. నేను వెళ్ళి గట్టు మీద కూర్చున్నానో లేదో, దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. జనరేటరు రిపేరుకు వెళ్ళి ఉంది.

"ఏవయ్యా పేపరూ, ఫోన్ చెయ్యి మీవాడికి" అన్నాడు బావ.

మీవాడంటే సబ్‌స్టేషన్ ఆపరేటరు. వార్తల కోసం అప్పుడప్పుడూ మాట్లాడే మనిషి.

"నేను తియ్యలేదండీ, రిలే దానంతటదే తీసింది" అన్నాడతను స్పీకర్లో. "గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ యాభై దగ్గర నిలబడాలి. సాయంత్రమయ్యేసరికి సోలార్ పోయింది, ఊళ్ళన్నీ ఏసీలు వేశాయి. వాడకం ఎక్కువై అది జారిపోతంటే కొన్ని ఫీడర్లు, అంటే ఊళ్ళకెళ్ళే లైన్లు, వాటంతటవే పడిపోతాయి. అలా కొంత వదిలించుకోకపోతే మొత్తం పోద్దండి."

"అయితే మా రొయ్యలతో నిలబెడతన్నారా దేశాన్ని?" పక్కనుంచి బావ అరిచాడు.

"ఆయ్, మీతోనేనండి. ఆసుపత్రి ఫీడరు తియ్యమంటారా?"

బావ చెరువు వైపు తిరిగాడు.

కాసేపటికి కరెంటు వచ్చింది. చెరువులన్నిటికీ ఆటో స్టార్టర్లున్నాయి. పక్కవాడి మోటారు ముందు లేస్తుందేమోనని ఒకరిని చూసి ఒకరు పెట్టించుకున్నవే. అన్ని మోటార్లూ ఒక్క పెట్టున లేచాయి, ఆ వెంటనే లైను పడిపోయింది. మళ్ళీ ఇచ్చారు. మళ్ళీ పడింది.

"ఈసారి గ్రిడ్ కాదండీ, మీరే" అన్నాడు ఆపరేటరు. గొంతులో అలసట. "అందరూ ఒకేసారి లాగితే ఫీడరు ఆగుద్దా? స్విచ్చులన్నీ దించండి. లైను ఇస్తాను, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వేసుకోండి."

గట్టు మీద రైతులంతా పోగయ్యారు. ఎవరిది ముందు?

"నీయి పిల్ల రొయ్యలే కదా, ఆగితే ఏం పోద్ది?" అన్నాడు బావ.

"నీ రొయ్యలకి రేపు పెళ్ళిచూపులా?" అన్నాడు ఎదుటి రైతు.

నవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు. బావ తనదే ముందని పట్టు పట్టాడు. ఇంతలో పక్క చెరువు చూసుకునే ఆవిడ టార్చి పట్టుకుని వచ్చింది.

"అన్నయ్యా, నా చెరువులో రొయ్యలు గాలందక పైకి తేలతన్నాయి."

బావ ఆమె వెంట వెళ్ళి వెలుతురు పడినచోట నీళ్ళు చూశాడు. తిరిగొచ్చి తన స్విచ్చు కిందికి దించేశాడు.

"చెల్లెమ్మది ముందు వెయ్యండి. నాది ఆఖర్న."

నేను ఫోన్‌లో ఆపరేటరుకు చెప్పాను. లైను వచ్చింది. ఒక్కో చెరువులో చక్రాలు తిరగడం మొదలైంది. ఒకటి వేశాక లైను నిలబడిందో లేదో చూసి రెండోది వేస్తున్నారు. బావ తన చెరువు వైపు చూడకుండా బీడీ ముట్టించాడు. మధ్యలో ఎవరో తొందరపడి వేయబోతే "ఆగరా నాయనా" అని కసిరాడు.

ఆయన వంతు వచ్చేసరికి మా గట్టు పక్కన కూడా రొయ్యలు తేలాయి. స్విచ్చు వేశాడు. లైను నిలబడింది. గొంతుక్కూర్చుని మేత ట్రే ముంచి ఎత్తాడు. కొన్ని ఎగిరాయి. చాలావాటిలో చలనం లేదు.

"ఎంత పోయిందంటావు బావా?"

"మిగిలినవి ఇంకో వారం బతుకుతాయని నమ్మకం లేదు. రేపే పట్టించేద్దాం. ఐసు లారీకి చెయ్యి."

చేశాను. లారీ అతను ఎత్తలేదు. మళ్ళీ చేశాను.