సమ్మయ్య గ్లాసులో కొమురయ్య బీరు

నిరుటి ఎండాకాలం సంగతి. సుబేదారిలో అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే రెస్టారెంట్ మాది. అందులో నేను బ్రూవర్‌ని, అంటే బీరు వండేదాన్ని. ఆడమనిషి బీరు వండడమేమిటని మూతి తిప్పినవాళ్లే రెండో గ్లాసు అడుగుతుంటారు. అది నా గొప్పే, చెప్పుకుంటాను.

ఓ మధ్యాహ్నం సమ్మయ్య వచ్చాడు. డోర్నకల్‌లో రైలింజన్లు నడిపి రిటైరైన పెద్దమనిషి. ఆయనకు సీలియాక్ ఉందని డాక్టర్లు తేల్చారట. గోధుమలోనూ బార్లీలోనూ ఉండే గ్లూటెన్ పేగులకు పడని జబ్బు అది. బీరంటేనే బార్లీ కదా, చపాతీతో పాటు అదీ బందైంది.

"నెలకోపారి మేం నలుగురు దోస్తులం ఈడనే కూసుంటం బిడ్డా. వాళ్లు తాగుతాంటె నేను సోడా పట్టుకొని మొఖాలు చూసుకుంట కూసుంటాన. నా అసుంటోనికి ఏమన్న ఉంటదా?"

"లేకుంటె చేస్త కాకా. ఫికర్ చెయ్యకు," అన్నాను. మాటివ్వడంలో నాకెప్పుడూ తొందరే.

బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్. దాన్ని పిండి చేసి వేడినీళ్లలో నానబెట్టి తీపి నీరు రాబట్టడాన్ని మ్యాష్ అంటాం. జొన్న అంత తేలిగ్గా లొంగదు. ముందు గట్కలా, అంటే జొన్న సంకటిలా, మెత్తగా ఉడికించి, కాస్త చల్లార్చి, అప్పుడు మొలకజొన్న పిండి కలపాలి. బీట్ బజారులో జొన్నలమ్మిన ఇంటి ఆడపిల్లను, గట్క సంగతి నాకొకరు చెప్పాలా! జొన్నతో ఒకటి, బియ్యంతో ఒకటి, సజ్జలతో ఒకటి, మూడు రకాలు వండాను. బార్లీ తగిలిన గొట్టాన్నిగానీ గ్లాసునుగానీ వాటి దరిదాపులకు రానివ్వలేదు.

బియ్యపు బీరు మరీ తేలిక. గొంతు దిగాక నాలుక మీద ఏమీ మిగలదు. సజ్జలది ముదురు రంగు, మాడిన రొట్టె అంచు కొరికినట్టుంటుంది. జొన్నది కొంచెం పులుపు, చివర్లో సన్నని వగరు. సమ్మయ్య మూడూ చప్పరించి సజ్జల గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. "ఇగ ఇది నాది!" అన్నాడు. నాకు కొండెక్కినంత సంబరం.

ఆ నెల నలుగురూ కూర్చున్నారు. ముగ్గురికి మామూలు బీరు, సమ్మయ్యకు సజ్జల బీరు, అందరికీ వేడివేడి సర్వపిండి. అది బియ్యప్పిండిదే కాబట్టి ఆయనకూ భయం లేదు. కానీ వాళ్ల అలవాటొకటి నాకు తెలియదు. పక్కవాడి గ్లాసు తగ్గితే తన గ్లాసులోంచి ఇంత ఒంపుతారు. ఏళ్ల తరబడి సమ్మయ్యతో ఒకే ఇంజన్లో పనిచేసిన కొమురయ్య, మాటల మధ్యలో అలవాటుగా గ్లాసు వంచాడు. ఒక్క ఉరుకున పోయి సమ్మయ్య గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. బార్లీ బీరు నా వేళ్ల మీద పడింది.

"ఏందమ్మా, దోస్తుకు పోస్తాంటె అడ్డమొస్తవ్?" కొమురయ్య గయ్యిమన్నాడు.

"అది తాగితె కాక దవాఖానల పడుతడు మామా!"

కొమురయ్య మొహం వాడిపోయింది. సమ్మయ్య గ్లాసును నెమ్మదిగా బల్ల చివరికి జరిపాడు.

"సోడా తాగిననాడే నయముండె," అన్నాడు సమ్మయ్య. "ఇప్పుడు నా గ్లాసు సుత వేరు పెట్టిన్రు."

ఆ మాట నాకు చురుక్కుమంది. ఆయనకేది రుచో చూశాను గానీ, ఆయన పక్కన కూర్చునేవాళ్లకేది రుచో చూడలేదు. ఏ జబ్బూ లేని ఆ ముగ్గురూ ఆయన తాగే బీరునే ఇష్టపడి తాగితే తప్ప ఈ పని అయినట్టు కాదు. ఇప్పుడు ఎవరైనా గ్లూటెన్ లేని బీరు అడిగితే, ఎవరితో కలిసి తాగుతారని ముందు అడుగుతాను.

మరుసటి నెల ఏది ఏదో చెప్పకుండా వాళ్ల ముందు మూడు రకాలూ పెట్టాను.

"సమ్మయ్య కాక కోసమని మెచ్చుకోవద్దు. మంచిగ లేకుంటె లేదనే చెప్పాలె."

కొమురయ్య మొహమాటపడే మనిషి కాడు. బియ్యానిది తాగి, "ఇది బీరా, గ్లాసు కడిగిన నీళ్లా?" అన్నాడు. సజ్జలది తాగి, "కషాయం లెక్కున్నది," అని పక్కన పెట్టాడు. మిగిలింది జొన్నదొక్కటే. ఒక గుక్క తాగాడు, సర్వపిండి ముక్క కొరికాడు, మళ్లీ తాగాడు. ఖాళీ గ్లాసు నా ముందుకు చాపాడు.

"ఇంకింత పొయ్యి. దేంతోని చేసినవ్?"

"జొన్నలతోని మామా."

"జొన్నలా! నేను రోజు రొట్టె తినే జొన్నలేనా?"

మిగతా ఇద్దరూ అదే బాగుందన్నారు. నేను సమ్మయ్య వైపు చూశాను.

"నాకు సజ్జలదంటెనే పానం," అన్నాడాయన. "అయితేంది, నలుగురికి జొన్నదే తే."

కొత్త గ్లాసుల్లో నాలుగు జొన్న బీర్లు తెచ్చాను. పాత ఇంజన్ల కబుర్లలో పడి సమ్మయ్య గ్లాసు సగమైంది. కొమురయ్య తన గ్లాసు ఎత్తి, ఆగి, నా వైపు చూశాడు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

ఒంపాడు.

"చాలురా, పొంగుతాంది!" సమ్మయ్య అరుస్తున్నా కొమురయ్య ఆపలేదు. బల్లంతా పారిన ఆ నురుగు నేను వండిందే.