జయమ్మ సంతకం

2022 జూన్‌లో నేను గద్వాల దగ్గరి ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలకు బదిలీ మీద వెళ్లాను. రెండు గదులు, ఒక వరండా, ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు, యాభై మందికి పైగా పిల్లలు. టీచర్లం ఇద్దరమే. నేను సీనియర్‌ని కాబట్టి హెడ్‌మాస్టర్ పనులు కూడా నా నెత్తిమీదే పడ్డాయి. మా పుట్టిల్లు అమరచింత, కాపురం గద్వాల టౌన్‌లో. పొద్దున ఆటో ఎక్కితే అరగంటలో బడి.

టీచరు పని అంటే పాఠం చెప్పడమే అని బయటివాళ్లు అనుకుంటారు. సగం పని కబుర్లు చేరవేయడం. రేపు నులిపురుగుల మాత్రలు ఇస్తారు, పిల్లలకు అన్నం పెట్టి పంపండి. శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది, రండి. యూనిఫాం కొలతలకు పిల్లను తప్పక పంపండి. ఇవన్నీ ప్రతి ఇంటికీ చేరాలి. చేరకపోతే మర్నాడు "మాకెవరు చెప్పిండ్రు?" అని గేటు దగ్గర గొడవ.

వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారు. ఉంది. కానీ ఆ ఊళ్లో స్మార్ట్ ఫోను తండ్రి జేబులో ఉంటుంది, ఆ తండ్రి హైదరాబాద్‌లో ఏదో అపార్ట్‌మెంట్ స్లాబు మీద ఉంటాడు. ఇంట్లో తల్లి దగ్గర చిన్న ఫోను ఉంటే గొప్ప, దాని నంబరు కూడా ఏడాదికి రెండుసార్లు మారుతుంది. అందుకే నేను పాత పద్ధతి పట్టుకున్నాను, అదే చీటీ బుక్కు. పై సగంలో విషయం, కింది సగంలో "చదివి తెలుసుకున్నాను" అన్న ముక్క, దాని కింద సంతకం. ఆ ముక్క చింపి పిల్లతో తిరిగి పంపాలి. వచ్చిన ముక్కలన్నీ దారానికి గుచ్చి బీరువాలో పెట్టేదాన్ని. ఎవరైనా అధికారి వస్తే ఆ దండ తీసి చూపించాలన్నది నా ఉబలాటం.

జూలై చివర్లో ఆరోగ్య బృందం బడికి వచ్చి పిల్లల కళ్లు, పళ్లు, బరువు చూసింది. మూడో తరగతి అఖిల దగ్గర డాక్టరమ్మ చాలాసేపు ఆగింది. కుడి కన్ను మూసి చెప్పమంటే పిల్ల బొమ్మల అట్ట మీది పెద్ద బొమ్మను కూడా గుర్తుపట్టలేకపోయింది. "లేజీ ఐ మేడం" అని నాకు వివరించింది. ఒక కన్ను బలహీనంగా ఉంటే మెదడు దాన్ని వాడటం మానేసి రెండో కంటితోనే పని నడిపించుకుంటుంది. చిన్న వయసులో అద్దాలు పెట్టి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ కట్టి, బద్ధకించిన కంటితో పని చేయిస్తే చూపు వస్తుంది. వయసు పెరిగేకొద్దీ కష్టం. జిల్లా దవాఖానకు వెళ్లడానికి రెఫరల్ కార్డు, అంటే పై డాక్టరుకు చూపించే సిఫారసు కాగితం, రాసిచ్చి "ఎనిమిదేళ్లు వచ్చినయి, లేట్ చేయొద్దని తల్లికి గట్టిగా చెప్పండి" అంది.

అఖిల ఎవరికీ అనుమానం రాని పిల్ల. చక్కగా చదువుతుంది, రాత ముత్యాల్లా ఉంటుంది. బంతి విసిరితే మాత్రం పట్టుకోలేదు. ఆటలంటే ఇష్టం లేదేమో అనుకున్నానే తప్ప మరోలా ఆలోచించలేదు. ఒక పిల్ల జబ్బు సంగతి నలుగురూ చూసే గ్రూపులో పెట్టకూడదు కనుక చీటీ రాశాను. "మీ అమ్మాయి ఎడమ కంటికి చికిత్స అవసరం. కార్డు తీసుకోవడానికి వెంటనే బడికి రండి." అఖిల చేతికిచ్చి అమ్మకు చూపించమన్నాను. మర్నాడు ముక్క తిరిగి వచ్చింది, కింద "జయమ్మ" అని సంతకం.

తల్లి రాలేదు. పది రోజులు చూసి ఇంకో చీటీ రాశాను. సంతకం వచ్చింది, మనిషి రాలేదు. సెప్టెంబరులో మూడోది రాశాను, కొంచెం ఘాటుగానే. దాని మీదా అదే సంతకం. రిజిస్టర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంది.

నాకు ఒళ్లు మండింది. మూడుసార్లు చదివి, మూడుసార్లు సంతకం పెట్టి, బిడ్డ కన్ను పోతుంటే కదలని తల్లి ఎలాంటి తల్లి అని స్టాఫ్‌రూమ్‌గా వాడుకునే ఆ వరండా మూలన కూర్చుని మా తోటి టీచరుతో నోటికొచ్చినట్టు అన్నాను. ఆవిడది ఆ పక్క ఊరే. "ఇప్పుడు క్రాసింగ్ టైం గద మేడం, ఆడోళ్లు ఎవరూ ఇండ్లల్ల దొరకరు" అంది. నాకు ఆ సాకు కూడా నచ్చలేదు.

మా వైపు సీడు పత్తి వేస్తారు. మామూలు పత్తిలా వదిలేస్తే అది విత్తనానికి పనికిరాదు. సాయంత్రం పూట మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలు వెతికి, లోపలి కేసరాలు గిల్లి తీసి గుర్తు పెట్టాలి. పొద్దున్నే మగ మొక్కల పూలు తెచ్చి ఒక్కోదానికీ పుప్పొడి రుద్దాలి. అదే క్రాసింగ్. నిన్న గిల్లిన మొగ్గకు ఇవాళ రుద్దకపోతే ఆ కాయ దక్కదు. కాబట్టి రెండు నెలలకు పైగా ఆడవాళ్లకు ఆదివారం లేదు, జ్వరం లేదు. మధ్యాహ్నం పూట మాత్రం అన్నం తినడానికి గంట, గంటన్నర తీరిక ఉంటుంది.

నేను ఆ గంట చూసుకుని వెళ్లాను. మా టీచరుకు బడి అప్పగించి, రెఫరల్ కార్డు పర్సులో పెట్టుకుని, దారి పొడవునా తిట్లు కూర్చుకుంటూ నడిచాను. చేను గట్టున వేపచెట్టు కింద ఒక సన్నటి మనిషి టిఫిన్ డబ్బా విప్పుతోంది. నన్ను చూసి గబుక్కున లేచింది. ముఖం విప్పారింది.

"మేడమా! ఎండలబడి గింత దూరమొచ్చిండ్రా? రాండ్రి, నీడకు కూసోండ్రి. మా అఖిలమ్మ చెప్తనే ఉంటది మీ గురించి."

నా తిట్లకు అదే మొదటి దెబ్బ. అయినా తమాయించుకుని "చీటీలు ముట్టినయా జయమ్మా?" అన్నాను.

"ముట్టకేంది మేడం! ఎక్కాలల్ల ఫస్టు వచ్చిందని రాసిండ్రు గద. ఆగస్టు పండుగకు జెండా తాడు దాని చేతికే ఇచ్చిండ్రని ఇంకో పాలి రాసిండ్రు. మొన్న రాసిన చీటీల ఏందంటే, గింత మంచి రాత జిల్లాల్నే లేదని మేడం అన్నదంట. పొద్దూకినంక మా అత్తకు, పక్కింటోళ్లకు మల్ల మల్ల చదివించిన."

జెండా తాడు పట్టింది ఐదో తరగతి పిల్ల. ఎక్కాల పోటీ నేను పెట్టనే లేదు.

"చీటీ నువ్వు చదువుకోలేదా?"

"నాకెక్కడి చదువు మేడం. బిడ్డ చదువుతది, నేనింట."

"మరి సంతకం?"

"దాన్నే పెట్టమంట. నా పేరు ఎంత సక్కగ రాస్తదో!"

ఆ గుండ్రటి అక్షరాలు రోజూ కాపీ పుస్తకాల్లో చూసి ఎర్ర సిరాతో రైటు కొట్టేది నేనే. మూడు ముక్కల మీద అదే రాత చూసి కూడా పోల్చుకోలేకపోయాను. సంతకం ఉందా లేదా అని చూశానే కానీ సంతకాన్ని చూడలేదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కోపమంతా ఎటు పోయిందో పోయి, సిగ్గు మాత్రం మిగిలింది.

కూర్చోబెట్టి, కార్డు చేతిలో పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఎడమ చేత్తో తన ఎడమ కన్ను మూసుకుంది. రెండో కంటితో చేనువైపు చూసింది.

"గందుకేనా మేడం... నీళ్ల చెంబు అందిస్తే చెయ్యి పక్కకు పోతది. సూదిల దారం ఎక్కియ్యమంటే ఎక్కియ్యదు. వేషాలేస్తున్నవని మొన్న ఆదివారం వీపు మీద కొట్టిన." కార్డు అటూ ఇటూ తిప్పింది. "కన్ను పోతదా?"

"పోదు. అద్దాలు పెడతరు, పట్టీ కడతరు. కానీ ఇంక ఆగొద్దు."

"రేపే పోదాం."

"మరి మొగ్గలు?"

"ఇయ్యాల సాయంత్రం గిల్లనే గిల్ల. పోతే పోనీ. మొగ్గ రేపు ఇంకోటొస్తది." అని డబ్బా మూత పెట్టేసింది. అన్నం సగం కూడా తినలేదు. నేను లేచాక వెనకనుంచి పిలిచింది. "మేడం, అబద్ధం చెప్పిందని దాన్ని కొట్టకుండ్రి. తప్పు నాది. చీటీ వస్తే చాలు, మంచిగ ఏమన్న రాసిండ్రా బిడ్డా అని నేనే అడుగుత. పొద్దంతా ఎండల వంగి చేస్త గద, ఇంటికి పోయినంక గా ముచ్చట వింటే పానం జర నిమ్మలమైతది."

బడికి వచ్చాక అఖిలను దగ్గరికి పిలిచాను. తెలిసిపోయిందని దానికి నా ముఖం చూడగానే అర్థమైంది. తల దించుకుని కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది.

"కన్ను సంగతి అమ్మకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"అమ్మ పరేషాన్ అయితది మేడం. నాయన లేడు ఇంట్ల."

"మరి ఆ ఎక్కాలు, జెండా?"

తల ఎత్తకుండానే చిన్నగా అంది. "మంచిగ ఏమన్న రాసిండ్రా అని అమ్మ అడుగుతది. మీరు ఏం రాయలే."

ఆ రోజు బడి విడిచిన తర్వాత చీటీ బుక్కు ముందేసుకుని కూర్చున్నాను. కార్బన్ పెట్టి రాసే అలవాటు ఉంది కనుక నకళ్లన్నీ దాంట్లోనే ఉన్నాయి. మొదటినుంచి తిరగేశాను. గైర్హాజరు ఎక్కువైంది. ఆధార్ జిరాక్స్ పంపలేదు. తలలో పేలు, దువ్వి పంపండి. సమావేశానికి రాలేదు, ఇకనైనా రండి. మీ అబ్బాయి కొట్లాడాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, యాభై ఇళ్లకు పైగా నేను పంపిన కాగితాల్లో తల్లి సంతోషపడే వాక్యం ఒక్కటీ లేదు. అంతమంది పిల్లల్లో నాకు రోజూ ముచ్చటేసే విషయాలు ఎన్నో జరిగేవి. అవి మా ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పేదాన్ని. వాళ్ల ఇళ్లకు పంపాలని మాత్రం ఒక్కసారీ తోచలేదు.

మర్నాడు దవాఖానకు నేనూ వెళ్లాను. కళ్ల డాక్టరు చుక్కలు వేసి చూసి అద్దాలు రాశాడు, రోజూ కుడి కంటికి నాలుగు గంటలు పట్టీ కట్టమన్నాడు. "రెండు నెలల కిందట రాసిన కార్డు గద ఇది, ఇన్ని రోజులేం చేసిండ్రు?" అన్నాడు. జయమ్మ తల వంచుకుంది. నన్ను చూపించి ఒక్క మాట అనలేదు. నేనే చెప్పాను, కబురు సరిగ్గా అందించనిది నేనేనని. ఇంకా సమయం ఉందని, క్రమం తప్పకుండా పట్టీ కడితే చూపు చాలావరకు వస్తుందని ఆయన అన్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. పిల్ల ఒంటికి, మనసుకు సంబంధించిన మాట ఏదైనా ఉంటే చీటీ రాయను. మధ్యాహ్నం ఆ తీరిక వేళ చూసుకుని ఫోన్ చేస్తాను, ఫోను కలవకపోతే చేను దాకా నడుస్తాను. గ్రూపులో రాసేదేదైనా గొంతుతో చదివి కూడా పెడతాను, హైదరాబాద్‌లో ఉన్న తండ్రి ఆ మాట ఇంటికి ఫోన్ చేసి వినిపించేలా. శుక్రవారం మాత్రం చీటీ బుక్కు తీసి పదిమంది పిల్లల గురించి ఒక్కో మంచి మాట రాస్తాను. నిజంగా జరిగిందే రాయాలి, నేను కళ్లారా చూసిందే రాయాలి. మొదట్లో చాలా కష్టమైంది. తప్పులు పట్టే కంటికి మంచి కనబడాలంటే ఆ కంటికీ కొన్నాళ్లు పని చెప్పాలి. సంతకం ముక్క మాత్రం తీసేశాను. దండ గుచ్చుకోవడం మానేశాను.

పట్టీ కట్టిన మొదటి నెల అఖిలకు నరకమే. బోర్డు కనబడక ఏడ్చేది, పట్టీ పీకేసేది. పిల్లలు ఒంటికన్ను అని ఏడిపించేవారు, నాలుగు తిట్టి మాన్పించాను. క్రాసింగ్ అయిపోయాక జయమ్మ రోజూ సాయంత్రం పిల్లను ముందు కూర్చోబెట్టుకుని శనగలు, కందులు కలిపిన చాటలోంచి వేరు చేయించేదట, పట్టీ ఉండగానే.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మళ్లీ అఖిల వంతు వచ్చింది. ఏం రాయాలో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. రాసి ఇచ్చి పంపాను. మర్నాడు పొద్దున ప్రార్థన కూడా కాకముందే జయమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. చీటీ నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. విప్పి నా చేతికిచ్చింది.

"బిడ్డ చదివింది మేడం. నమ్మబుద్ధి కాలే. ఇందుల రాసింది మీరే చదువుండ్రి."

చదివాను. "అఖిల ఈ రోజు కుడి కంటికి పట్టీ ఉండగానే మూడో వరుసలో కూర్చుని, బోర్డు మీది పాఠం మొత్తం ఎడమ కంటితో చదివింది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ప్రార్థన గంట కొట్టాలని పిల్లలు నా వైపే చూస్తున్నారు.

"ఇంకో పాలి చదువుండ్రి మేడం," అంది.

గంట ఆపమని చేత్తో సైగ చేసి, మొదటినుంచి మళ్లీ చదివాను.